ఎనిమిది కొట్టిన అబద్ధం

ఆ గంట మోగకపోయి ఉంటే చెప్పేసేవాడు. నోరు తెరిచాడు, తను ఉద్యోగానికి ఎందుకు రాజీనామా చేశాడో మొదలుపెట్టాడు కూడా. ఎదురుగా పాత పై అధికారి, పక్కన పాత సహోద్యోగి, కిటికీ అవతల లండన్ ట్రాఫిక్ రొద. సరిగ్గా అప్పుడే బిగ్ బెన్ ఎనిమిది కొట్టడం మొదలుపెట్టింది. మాట సగంలో ఆపి చేతి గడియారం చూసుకున్నాడు. అందులోనూ ఎనిమిదే.

టీవీలో నేను చూసిన సస్పెన్స్ సీన్లలో దీన్ని మించింది లేదు. తుపాకీ పేలదు, కారు వెంటాడదు, చీకట్లో తలుపు కిర్రుమనదు. గడియారం ఆగిపోవడమో తప్పు టైము చూపించడమో కాదు, సరైన టైము చూపించడమే ఇక్కడ కొంప ముంచే విషయం.

సీరియల్ పేరు ‘ది ప్రిజనర్’. 1967 సెప్టెంబరు చివర్లో బ్రిటన్‌లో ఐటీవీలో మొదలై 1968 ఫిబ్రవరిలో ముగిసింది. మొత్తం 17 ఎపిసోడ్లే. నేను చెబుతున్నది రెండోది, ‘ది చైమ్స్ ఆఫ్ బిగ్ బెన్’. రాసింది విన్సెంట్ టిల్స్‌లీ, తీసింది డాన్ చాఫీ. కథ మొత్తం చెప్పకుండా దీని గురించి వాదించడం కుదరదు కాబట్టి చెప్పేస్తున్నా. దాదాపు అరవై ఏళ్ల కిందటి కథకి స్పాయిలర్ హెచ్చరిక అడిగేవాళ్లుంటే ఇక్కడే ఆగిపోయి, చూసి రండి.

సీరియల్ మూలకథ దాదాపు ప్రతి ఎపిసోడ్ మొదట్లో మాటల్లేకుండా చూపిస్తారు. ఒక గూఢచారి కోపంగా లోటస్ కారు నడుపుకుంటూ ఆఫీసుకొస్తాడు, బల్ల గుద్ది రాజీనామా పడేస్తాడు, ఇంటికెళ్లి పెట్టె సర్దుకుంటుంటే తాళపు రంధ్రంలోంచి గ్యాసు వస్తుంది. మెలకువ వచ్చేసరికి ముద్దుముద్దుగా రంగులేసిన ఇళ్లున్న ఒక ఊళ్లో ఉంటాడు. ఆ ఊరికి పేరు లేదు, ‘విలేజ్’ అంటారంతే. మనుషులకీ పేర్లుండవు, నంబర్లే. ఇతను నంబర్ సిక్స్. ఊరిని నడిపేవాడు నంబర్ టూ, వారం వారం దాదాపు కొత్త మనిషి. వాళ్లకి కావలసింది ఒక్కటే: ఎందుకు రాజీనామా చేశావు? నంబర్ సిక్స్‌గా వేసిన పాట్రిక్ మెక్‌గూహన్ అంతకుముందు ‘డేంజర్ మ్యాన్’లో గూఢచారిగా బాగా పేరు తెచ్చుకున్నవాడు. ఊరి దృశ్యాలు తీసింది ఉత్తర వేల్స్‌లోని పోర్ట్‌మెయిరియన్‌లో. క్లఫ్ విలియమ్స్-ఎల్లిస్ అనే ఆర్కిటెక్ట్ దశాబ్దాల పాటు ఇష్టంగా కట్టుకుంటూ పోయిన ఊరది. ఆ చోటు పేరు చివరి ఎపిసోడ్ దాకా తెరమీద వెయ్యలేదు.

ఈ ఎపిసోడ్‌లో నంబర్ టూ లియో మెకర్న్. గుండ్రటి మొహం, గదంతా నిండిపోయే నవ్వు. ఇతర ఎపిసోడ్లలోని నంబర్ టూలు చాలామంది చల్లగా బెదిరించే రకం. ఇతను మాత్రం సిక్స్‌ని చూసి నిజంగా ముచ్చటపడతాడు. టీ ఇస్తూ ఇతను చక్కెర మానేశాడని ఫైలు చూసి చెబితే, సిక్స్ వెంటనే చక్కెర బిళ్లలు తీసి కప్పులో వేసుకుంటాడు. నా గురించి రాసిపెట్టుకున్నారేమో గానీ నేను తెలియను మీకు అని చెప్పడం. ఇక్కడి నుంచి పారిపోతాననీ, తిరిగొచ్చి ఈ ఊరిని నామరూపాల్లేకుండా చేస్తాననీ మొహమ్మీదే అంటాడు. నంబర్ టూ ఇంకా ముచ్చటపడిపోతాడు.

అప్పుడు పక్కింట్లోకి ఒక కొత్త ఖైదీ వస్తుంది. నంబర్ ఎయిట్, అసలు పేరు నాడియా. వేసింది నాడియా గ్రే. వచ్చీ రాగానే సముద్రంలోకి ఈదుకుంటూ పారిపోబోతుంది. ఊరికి కాపలా కాసే పెద్ద తెల్ల బెలూన్ లాంటిది, దాని పేరు రోవర్, ఆమెను పట్టి ఒడ్డుకి తెస్తుంది. (చదువుతుంటే నవ్వొస్తుంది గానీ చూస్తే నవ్వు రాదు. మొదట అనుకున్న యంత్రం పని చెయ్యకపోతే దాని బదులు వాతావరణ పరిశోధనకి వాడే బెలూన్ పెట్టారట. ఆ అవాంతరమే సీరియల్‌కి దొరికిన అదృష్టం.) ఆమెను నేలలో కరెంటు పారే గదిలో హింసిస్తారు. సిక్స్ అది చూడలేక బేరానికొస్తాడు: ఆమెను వదిలెయ్యండి, నేను ఊరి పనుల్లో కలుస్తా, మీ కళల పోటీలో పాల్గొంటా.

పోటీ భాగం ఎపిసోడ్‌లో సరదా అయిన ముక్క. మిగతావాళ్లంతా నంబర్ టూ బొమ్మే గీశారు, చెక్కారు, అల్లారు. సిక్స్ మాత్రం చెట్టు కొట్టి మూడు ముక్కల శిల్పం ఒకటి చేశాడు. దాని పేరు ‘ఎస్కేప్’. న్యాయనిర్ణేతలు దాని చుట్టూ తిరిగి గంభీరంగా అర్థాలు తీసి, బహుమతి కూడా ఇచ్చేశారు. మూడు ముక్కలూ కలిపితే పడవ. బహుమతి డబ్బుతో ఒక ముసలావిడ అల్లిన తెర కొన్నాడు, అది తెరచాప. పేరు దాచలేదు, ఉద్దేశం దాచలేదు, అందరి ముందూ పెట్టాడు. ఎవరికీ కనబడలేదు.

నిజానికి కనబడింది. అదే అసలు సంగతి, అక్కడికి వస్తాను.

నాడియా అతనికి ఒక రహస్యం చెబుతుంది: ఈ ఊరు లిథువేనియాలో, బాల్టిక్ తీరంలో, పోలెండ్ సరిహద్దుకి 30 మైళ్లలో ఉంది. తనకి పోలెండ్ ఒడ్డున ఒక మనిషి ఉన్నాడు, అతను లండన్ చేరుస్తాడు. ఇద్దరూ పడవలో బయల్దేరతారు, రోవర్ వెంటపడుతుంది, ఈదుకుంటూ ఒడ్డుకి చేరతారు. అక్కడి మనిషి వాళ్లను పెద్ద చెక్కపెట్టెలో దాచి పంపుతాడు. పెట్టెలోకి ఎక్కేముందు సిక్స్ అతని గడియారం అడిగి పుచ్చుకుంటాడు, తనది నీళ్లకి ఆగిపోయింది కదా మరి. పన్నెండు గంటల ప్రయాణం. రోడ్డు, ఓడ, విమానం, కుదుపులు, అరుపులు. పెట్టె తెరిస్తే లండన్ ఆఫీసు. పాత బాస్‌గా కెవిన్ స్టోనీ, సహోద్యోగి ఫోదరింగేగా రిచర్డ్ వాటిస్. బాస్ అనుమానంగా ఉంటాడు, అవతలి పక్షానికి అమ్ముడుపోయి తిరిగొచ్చావేమో ఎలా నమ్మాలంటాడు. నాడియాకి రక్షణ కావాలంటే నిజం చెప్పమంటాడు. సరే అని ఇతను మొదలుపెడతాడు. గంట మోగుతుంది.

పోలెండ్ టైము పెట్టి ఉన్న గడియారం లండన్‌లో తొమ్మిది చూపించాలి. ఎనిమిది చూపిస్తోంది. పోలెండ్‌లోని మనిషి ఇంగ్లండ్ టైము ఎందుకు పెట్టుకున్నాడు? సిక్స్ లేచి గదంతా వెతికి, బీరువాలో టేప్ రికార్డర్ పట్టుకుని ప్లగ్గు పీకేస్తాడు. లండన్ ట్రాఫిక్ ఠక్కున ఆగిపోతుంది. తలుపు తీసి బయటికి నడిస్తే అదే ఊరు. అక్కడ తెలిసినవాళ్లు, నాడియా వాళ్ల పక్కనే.

ఈ ఎపిసోడ్ గురించి తరచూ వినబడే మాట ఒకటుంది: చివరి ట్విస్ట్ బాగుంది గానీ, ట్విస్ట్ తెలిశాక మళ్లీ చూడ్డానికేం లేదు. దీనితో నాకు అస్సలు ఒప్పుదల లేదు. ట్విస్ట్ తెలిశాకే ఇది సస్పెన్స్ అవుతుంది. మొదటిసారి చూసినప్పుడు మన ప్రశ్న ‘తప్పించుకుంటాడా లేదా’ అని. సీరియల్లో రెండో ఎపిసోడ్, హీరో తప్పించుకుంటే ఇంకేముంది, తప్పించుకోడని చూసేవాడికి ఎలాగూ తెలుసు. ఆ ప్రశ్నలో టెన్షన్ తక్కువ. రెండోసారి ప్రశ్న మారిపోతుంది: ‘చెప్పేస్తాడా?’ ఇప్పుడు నాడియా మొహం మీద మన కన్ను పడుతుంది. సముద్రంలో కొట్టుకుపోతున్నప్పుడు, కరెంటు గదిలో పడి ఉన్నప్పుడు, పెట్టెలో పక్కపక్కనే కూర్చుని ఊసులాడుకుంటున్నప్పుడు ఆమె ఉద్యోగం చేస్తోంది. పోటీలో పడవని గుర్తుపట్టని ఆ న్యాయనిర్ణేతల మీద మొదటిసారి నవ్విన నవ్వు రెండోసారి రాదు. వాళ్లకి కనబడకపోయినా పై వాడికి కనబడింది, కనబడనట్టు ఊరుకున్నాడు. ఆ చెట్టు కొట్టిన దెబ్బ దెబ్బకీ అనుమతి ఉంది.

ఇంకో సంగతి గమనించండి. ఇతన్ని పట్టుకోవడానికి వాళ్లు వాడింది భయం కాదు, డబ్బు కాదు. ఇంకొకరి బాధ చూడలేని గుణం. అదే గాలం రెండుసార్లు వేశారు. మొదటిసారి నాడియాని హింసించడం ఆపాలంటే ఊరిలో కలువు. రెండోసారి నాడియాకి రక్షణ కావాలంటే నిజం చెప్పు. రెండుసార్లూ పడ్డాడు. చక్కెర మానేశాడని రాసుకున్న ఫైలు తప్పనిపించాడు గానీ, ఈ గుణం కూడా ఆ ఫైలులో ఎక్కడో రాసే ఉండాలి.

ఇక తప్పుల సంగతి. అభిమానులు కొందరు ఇక్కడ మాట మారుస్తారు, నేను మార్చను.

మొదటిది భూగోళం. లిథువేనియా తీరానికీ పోలెండ్‌కీ మధ్య కాలినిన్‌గ్రాడ్ ఉంది. అప్పుడది సోవియట్ రష్యాలో భాగం, ఇప్పుడు రష్యా. లిథువేనియా సముద్రతీరంలో ఎక్కడ నిలబడినా పోలెండ్ సరిహద్దు 30 మైళ్లలో ఉండదు. మ్యాపు చూస్తే స్కూలు పిల్లాడికి తెలిసే విషయం ఒక గూఢచారికి తెలియదా? రచయిత అజాగ్రత్తే అయ్యుంటుందని నా అనుమానం. కానీ ఈ తప్పు కథకి చెడుపు చెయ్యలేదు, మేలే చేసింది. ఆమె చెప్పింది అబద్ధం, ఆ అబద్ధం మ్యాపులో ఇమడను కూడా ఇమడదు, అయినా ఇతను నమ్మాడు. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాడు. ఇన్నాళ్లూ ‘నేను ఎక్కడున్నాను’ అని అడిగి అడిగి జవాబు దొరకని మనిషికి ఒకరు ఊరు, దేశం, మైళ్ల లెక్క చెబితే లెక్క సరిచూస్తాడా?

ఈ ఎపిసోడ్‌కి వేరే కూర్పు ఒకటుంది. ప్రసారం కానిది, చాలా ఏళ్ల తర్వాత బయటపడింది. అందులో సిక్స్ ఆకాశాన్ని చూసి ఉన్న చోటు లెక్కగట్టే పాతకాలపు పరికరం ఒకటి పట్టుకుని కనిపిస్తాడు. ప్రసారమైన కూర్పులో అది లేదు. ఎందుకు తీసేశారో గానీ తీసెయ్యడం చాలా మంచిదైంది. సొంతంగా నక్షత్రాలు చూసి లెక్కవేసుకునేవాడు నాడియా మాట మీద ఆధారపడడు. ఆ పరికరం ఉంటే మోసపోవడం తెలివితక్కువతనం అయ్యేది. లేకపోవడం వల్ల అది ఆశ అయింది.

రెండో తప్పు పెద్దది, ఎందుకంటే క్లూ మొత్తం దానిమీదే నిలబడి ఉంది. ఆ ఒక గంట తేడా.

అమెరికాలో పిల్లలున్న తెలుగిళ్లలో నవంబరు వచ్చిందంటే ‘అక్కడ టైము మారింది, ఇంకో గంట ఆగి ఫోన్ చెయ్యి’ అనడం మామూలే. మన గడియారం కదలదు, అవతలివాళ్లదే ఏడాదికి రెండుసార్లు కదులుతుంది. కాబట్టి రెండు దేశాల మధ్య తేడా ఏడాదంతా ఒకటే ఉండాలని లేదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1967లో బ్రిటన్‌లో వేసవి కాలమానం మార్చి 19 నుంచి అక్టోబరు 29 దాకా నడిచింది. అంటే గడియారాలు ఒక గంట ముందుకి. పోలెండ్ మాత్రం 1964 తర్వాత వేసవి కాలమానం ఆపేసింది, మళ్లీ 1977లో గానీ మొదలుపెట్టలేదు. కాబట్టి 1967 వేసవిలో లండన్‌లో ఎనిమిదైతే వార్సాలోనూ ఎనిమిదే. ఎపిసోడ్ ప్రసారమైంది ఆ అక్టోబరు మొదట్లో. ఆ రాత్రి బ్రిటన్‌లో సోఫాల్లో కూర్చుని చూసిన జనం చేతుల్లోని గడియారాలు, వార్సాలోని గడియారాలు ఒకే టైము చూపిస్తున్నాయి. కథ నిజంగా ఆ రోజు జరిగి ఉంటే సిక్స్‌కి అనుమానం రావడానికి ఆధారమే లేదు. హాయిగా అన్నీ చెప్పేసి ఉండేవాడు.

కథ చలికాలంలో జరిగిందనుకోవచ్చు కదా అని ఒక వాదన చెయ్యొచ్చు. చలికాలంలో బాల్టిక్ సముద్రంలో ఈత కొట్టి ఒడ్డెక్కి, తడిబట్టలతో చెక్కపెట్టెలో కూర్చుని పన్నెండు గంటలు కబుర్లు చెప్పుకున్నారా? కుదరదు. పైగా ఆ తర్వాతి ఫిబ్రవరిలో బ్రిటన్ గడియారాలను గంట ముందుకి జరిపి, చలికాలంలో కూడా వెనక్కి తిప్పకుండా 1971 అక్టోబరు దాకా అలాగే ఉంచేసింది. ఆ మూడున్నరేళ్లలో ఎప్పుడు తిరిగి వేసినా క్లూ తప్పే. తమాషా ఏంటంటే ఇప్పుడు రెండు దేశాలూ ఒకేసారి గడియారాలు తిప్పుకుంటాయి కాబట్టి, ఏడాది పొడుగునా తేడా సరిగ్గా ఒక గంట. ప్రసారమైన రాత్రి తప్పైన క్లూ ఈ రోజు యూట్యూబ్‌లో చూసేవాడికి రైటు.

అయితే సీన్ చెడిందా? నా ఉద్దేశంలో లేదు, కారణం గణితంలో లేదు. ప్రేక్షకుడితో నిజాయితీగా ఆడారా లేదా అన్నది నాకు ముఖ్యం. గడియారం అడిగి తీసుకోవడం మన కళ్ల ముందే జరిగింది, ఎందుకో కూడా చెప్పారు. ప్రయాణం ఎన్ని గంటలో చెప్పారు. ‘యూరప్ మనకంటే గంట ముందు’ అన్నది సెలవులకి కడలి దాటి వెళ్లొచ్చే బ్రిటిష్ వాళ్లకి నోటికి వచ్చిన సంగతి. ఆ ముడిసరుకు అంతా ముందే చేతికిచ్చి, కలిపి చూసుకునే పని మనకొదిలారు. ఆ పెట్టెలో కుదుపులు లెక్కపెడుతూ కూర్చున్న మనమూ గడియారం సంగతి మర్చిపోయాం. చివర్లో జేబులోంచి కొత్త విషయం తీసి చూపించే ట్విస్టులు ఈ కాలపు ఓటీటీ సిరీసుల్లో ఎన్ని లేవు? వాటిలో లెక్కలు తప్పవు. చూసేవాడిని మోసం చేస్తాయి, అంతే.

ఇంకా బాగున్నది పొరపాటు ఎవరిదన్నది. ఊరంతా కెమెరాలు, హెలికాప్టర్లు, బెలూన్లు, ఒక నకిలీ లండన్ ఆఫీసు, ప్రాణం పెట్టి నటించిన మనిషి. ఇంత పథకం కూలింది ఒక కింది ఉద్యోగి తన గడియారాన్ని గంట ముందుకి తిప్పుకోవడం మర్చిపోయినందుకు. నంబర్ టూ మేధావి, నాడియా గొప్ప నటి, కానీ గడియారం ఇచ్చినవాడికి అది డ్యూటీ. ప్రపంచాన్ని శాసించాలనుకునే ఏ ఆఫీసైనా చివరికి ఇలాంటి మనిషి చేతిలోనే ఉంటుందని తెలిసినవాడే ఇది రాయగలడు.

ప్రపంచాన్ని శాసించడం అన్నది నేను కల్పించిన మాట కాదు. మధ్యలో ఒక సంభాషణ ఉంది. ఈ ఊరు ఏ పక్షానిదైతే ఏంటి, రెండు పక్షాలూ ఒకేలా తయారవుతున్నాయి, భవిష్యత్తు ప్రపంచానికి ఇదే నమూనా అంటాడు నంబర్ టూ. భూమి మొత్తం ఈ ఊరిలాగానా అని సిక్స్ అడుగుతాడు. అదే నా ఆశ, మరి నీది? అంటాడు. చంద్రుడి మీద అడుగుపెట్టే మొదటి మనిషిని కావాలని ఉందంటాడు సిక్స్. మనిషి నిజంగా చంద్రుడి మీద దిగడానికి ఇంకా దాదాపు రెండేళ్లుంది. ఈ భూమ్మీద ఉండబుద్ధి కావడం లేదని ఇంత మర్యాదగా చెప్పిన డైలాగు నాకు ఇంకోటి తెలియదు.

ఆ గంట కూడా ఊరికే పెట్టలేదు. బిగ్ బెన్ మోతని బీబీసీ 1923 డిసెంబరు 31 నుంచి రేడియోలో వినిపిస్తోంది. యుద్ధకాలంలో, ఆ తర్వాత షార్ట్‌వేవ్‌లో ప్రపంచమంతా విన్నది ఆ మోతే, మన దేశంలో రాత్రిళ్లు బీబీసీ పెట్టుకున్న ఇళ్లతో సహా. బ్రిటిష్ వాళ్లకి అది ఇంటికొచ్చేశామన్న ధైర్యం. ఆ ధైర్యాన్నే టేపు చుట్టి బీరువాలో పెట్టారు. నంబర్ సిక్స్‌ని కాపాడింది గంట అంటారు గానీ, అది అతనికి వేసిన ఎరలో భాగం. కొంచెం లండన్ వాసన తగిలిస్తే మనసు విప్పేస్తాడని పెట్టింది. అత్యాశకి పోయి గంట కొట్టించకుండా ఉంటే అతను గడియారం చూసుకునేవాడే కాదు.

ఒక్క విషయంలో మాత్రం ఈ సీరియల్ మీద నా ఫిర్యాదు తీరలేదు. చివర్లో ఫోదరింగేని నంబర్ టూ వెంటనే లండన్ పంపించేస్తాడు, అక్కడ ఎవరూ ఇబ్బందికరమైన ప్రశ్నలు వెయ్యకముందే. అంటే అతను అసలువాడే, మారువేషం కాదు. మర్నాడు పొద్దున్నే నిజమైన లండన్‌లో నిజమైన ఆఫీసులో కూర్చుంటాడు. ఆఫీసే అమ్ముడుపోయింది. ఇంత భయంకరమైన సంగతి బయటపెట్టిన సీరియల్ దాన్ని మర్చిపోయింది. ‘మెనీ హ్యాపీ రిటర్న్స్’ అనే తర్వాతి ఎపిసోడ్‌లో సిక్స్ నిజంగానే లండన్ చేరతాడు. చేరి ఏం చేశాడు? నేరుగా వెళ్లి పాత పై అధికారుల ముందు కూర్చుని జరిగిందంతా చెప్పాడు. ఫోదరింగే పేరెత్తలేదు. వాళ్లు నమ్మినట్టు విమానం ఇచ్చారు, ఊరి మీదుగా వెళ్తుంటే పైలట్ అతన్ని సీటుతో సహా కిందికి వదిలేశాడు. ఆ ఎపిసోడ్ కూడా బాగుంటుందనేవాళ్లతో నాకు గొడవ లేదు, దాని మొదటి సగం నాకూ ఇష్టమే. కానీ ఒకసారి ప్లగ్గు పీకి చూసిన మనిషి రెండోసారి ఆ ఆఫీసు గుమ్మం ఎలా తొక్కాడన్నదానికి ఇంతవరకు ఏ అభిమానీ నాకు సరైన జవాబు చెప్పలేదు.